దూరవిద్య ప్రణాళికను పరీక్ష తేదీ నుంచి వెనక్కి రాయండి

నమస్తే అండి. మీరు కర్నూలు జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అధ్యాపకులు. రాష్ట్రస్థాయి దూరవిద్య ప్రణాళికలో పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల భాగానికి ముసాయిదా రాయమని మిమ్మల్ని కమిటీలో వేశారు. "ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒక స్టడీ సెంటర్, అందరికీ కలిపి ఒక ఆన్‌లైన్ పోర్టల్ పెడితే సరిపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నది మీ ప్రశ్న.

సరిపోదండి. సెంటర్ల సంఖ్యతోనో పోర్టల్‌తోనో మొదలుపెడితే రెండో ఏడాదికే దెబ్బతింటుంది. ముందు మూడు విషయాలు కాగితం మీద తేల్చండి: డిగ్రీ పట్టా ఎవరిస్తారు, పరీక్ష ఏ నెలలో జరుగుతుంది, పుస్తకం విద్యార్థి చేతికి ఏ తేదీకి చేరుతుంది. ఈ మూడూ తేలాక సెంటర్లు ఎన్ని, ఎక్కడ అన్న లెక్క చాలావరకు దానంతటదే వస్తుంది. పాఠాలు, పుస్తకాలు, ప్రశ్నపత్రాలు రాష్ట్రమంతటికీ ఒకటే ఉండాలి. క్లాసులు, ల్యాబులు, విద్యార్థిని కనిపెట్టుకుని ఉండే పని స్థానికంగా ఉండాలి. దీన్ని తలకిందులు చేసి, పాఠాలు ఎవరివి వాళ్ళు రాసుకుని, విద్యార్థి సమస్యలకు మాత్రం విజయవాడకు ఫోన్ చేయమంటే ఆ పథకం నిలబడదు.

పట్టా ఎవరిస్తారు

1982లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఊరూరా ఉన్న కాలేజీల గదులను ఆదివారాలు వాడుకోవడం, అక్కడి లెక్చరర్లతోనే తరగతులు చెప్పించడం, పుస్తకాలు మాత్రం కేంద్రం నుంచి పంపడం అప్పటి నమూనా. అది ఇప్పటికీ సరైన నమూనానే. అయితే 2014 విభజన తర్వాత దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. అందుకే పట్టా ప్రశ్న మీ ముసాయిదాలో మొదటి పేజీలోకి రావాలి.

మన మూడు పాత జిల్లాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ, క్లస్టర్, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇన్ని ఉన్నాయని ప్రతిదీ దూరవిద్య నడపగలదని అనుకోకండి. యూజీసీ (ఉన్నత విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ) 2020 సెప్టెంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం రెగ్యులర్ విశ్వవిద్యాలయం దూరవిద్య పెట్టాలంటే నాక్‌లో (విద్యాసంస్థల నాణ్యతకు గ్రేడు ఇచ్చే సంస్థ) 4కి కనీసం 3.01 స్కోరు ఉండాలి, లేదా ఎన్ఐఆర్ఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి వందలో చోటు దక్కి ఉండాలి. కాబట్టి ఒక్కో విశ్వవిద్యాలయం నాక్ సర్టిఫికెట్ తెప్పించి రెండు చూడండి: స్కోరు ఎంత, గడువు ఎప్పటిదాకా. గడువు మరో ఎనిమిది నెలల్లో ముగిసిపోయే సంస్థ మీద మూడేళ్ళ డిగ్రీని నిలబెట్టకూడదు. నాక్ గ్రేడింగ్ పద్ధతి కూడా మారుతోంది గనుక, దరఖాస్తు పెట్టే రోజుకు అమల్లో ఉన్న సవరణలు చూసుకోవాలి.

మరో చిక్కు పరిధి. జిల్లా విశ్వవిద్యాలయం తన ప్రాదేశిక పరిధి దాటి స్టడీ సెంటర్ పెట్టడానికి వీల్లేదు. రాష్ట్రస్థాయి ఓపెన్ యూనివర్సిటీకి రాష్ట్రమంతా పరిధే. మన ప్రాంతానికి ఇది ఎంత ముఖ్యమో కింద సుగ్గి (పనులకోసం ఊరొదిలి వలస పోవడం) దగ్గర చెబుతాను. నా అభిప్రాయం స్పష్టంగా రాస్తున్నాను: పట్టా రాష్ట్రస్థాయి సంస్థ ఇవ్వాలి, పాఠాల రచన విశ్వవిద్యాలయాలు సబ్జెక్టుల వారీగా పంచుకోవాలి, సెంటర్లు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఉండాలి. రాష్ట్రస్థాయి సంస్థ ఏర్పాటుకు శాసనం కావాలి, సమయం పడుతుంది. అంతవరకు అర్హత ఉన్న విశ్వవిద్యాలయం తన పరిధిలో నడుపుతూ, అదే పాఠ్య సామగ్రిని మిగతావాళ్ళకూ ఇచ్చేలా ఉన్నత విద్యామండలి సమక్షంలో ఒప్పందం రాసుకోవచ్చు. ఆ ఒప్పందంలో పుస్తకాల కాపీరైట్ ఎవరిదో తప్పకుండా రాయించండి. అది రాయకపోతే, ఒక విశ్వవిద్యాలయం వెనక్కి తగ్గిన రోజున మిగతా అందరూ మొదటి నుంచి మళ్ళీ పుస్తకాలు రాసుకోవాల్సి వస్తుంది.

ప్రైవేటు సంస్థలకు సెంటర్లు అప్పజెప్పి ఫీజులో వాటా ఇచ్చే ఫ్రాంచైజీ పద్ధతిని యూజీసీ నిషేధించింది. "అడ్మిషన్లు తెచ్చిపెడతాం" అని ఎవరైనా వస్తే అక్కడే ఆపేయండి.

ఏ కోర్సులు

ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్ లాంటివి దూరవిద్యలో ఇవ్వడానికి లేదు. ఎంబీఏ, ఎంసీఏకి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) సిఫార్సు, బి.ఎడ్.కి ఎన్‌సీటీఈ (ఉపాధ్యాయ విద్యా మండలి) అనుమతి కావాలి. మొదటి విడతకు బి.ఏ., బి.కాం. చాలు. బి.ఎస్సీ. గురించి ఒక్క లెక్క చూపిస్తాను, మీరే నిర్ణయించుకోండి.

ఒక సెంటర్‌లో బి.ఎస్సీ. కెమిస్ట్రీకి 100 మంది చేరారనుకుందాం. ల్యాబులో ఒకసారికి 25 మందికి మించి పట్టరు, అంటే నాలుగు బ్యాచ్‌లు. ఒక క్రెడిట్ (చదువును గంటల్లో కొలిచే యూనిట్) ప్రాక్టికల్‌కి 30 గంటలు, రోజుకి 6 గంటల చొప్పున ఐదు రోజులు. నాలుగు బ్యాచ్‌లకు 20 రోజులు. జూలై నుంచి నవంబర్ వరకు వచ్చే ఆదివారాలు దాదాపు అన్నీ ఒక్క కెమిస్ట్రీకే సరిపోయాయి. ఫిజిక్సుకి వేరే ల్యాబు ఉన్నా, ఆ విద్యార్థే అదే ఆదివారం రెండు చోట్ల ఉండలేడు. ల్యాబ్ అసిస్టెంట్ వారమంతా పనిచేసి ఆదివారం కూడా రావాలి. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా సైన్సు సీట్లు పెంచితే ప్రాక్టికల్స్ కాగితం మీదే జరిగిపోతాయి, ఆ డిగ్రీని తర్వాత ఎవరూ నమ్మరు. సైన్సు పెట్టదలిస్తే ప్రతి సెంటర్‌కి 50 సీట్ల పరిమితి పెట్టి, ప్రాక్టికల్స్ మే నెలలో, రెగ్యులర్ పిల్లలకు సెలవులున్నప్పుడు వరుసగా పెట్టండి.

విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి

దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల కోర్సుకి 120 గంటలు. యూజీసీ లెక్క ప్రకారం అందులో 12 గంటలు ముఖాముఖి తరగతులు, 72 గంటలు పుస్తకం చదవడం, 36 గంటలు అసైన్‌మెంట్లు. పుస్తకంలో 14 నుంచి 16 యూనిట్లు ఉండాలి.

మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, అంటే 3600 గంటలు. మూడేళ్ళలో ముగించాలంటే వారానికి 23 గంటల పైన పడుతుంది. ధర్మవరంలో మగ్గం మీద కూర్చునే మనిషికి, ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులో పనిచేసేవాడికి, ఇద్దరు పిల్లలున్న తల్లికి వారానికి 23 గంటలు ఎక్కడివి? 12 గంటలు దొరకడమే గొప్ప. అదే 3600 గంటల్ని ఆరేళ్ళకి పరిస్తే వారానికి 12 లోపే అవుతుంది. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) బి.ఏ.కి కనీసం 3, గరిష్ఠం 6 ఏళ్ళు గడువు పెట్టింది కూడా ఇలాంటి విద్యార్థి కోసమే. అందువల్ల సెమిస్టర్‌కి ఐదు కోర్సులూ తప్పనిసరి అని పెట్టకండి. రెండు తీసుకున్నా చాలు అనండి, ఫీజు కూడా కోర్సు లెక్కనే కట్టనివ్వండి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు వర్తించదు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమంటే చాలామంది ఆ గడప దగ్గరే ఆగిపోతారు.

మధ్యలో ఆగినవాళ్ళకు 40 క్రెడిట్ల దగ్గర సర్టిఫికెట్, 80 దగ్గర డిప్లొమా ఇచ్చే వీలు కొత్త విధానంలో ఉంది, దాన్ని వాడుకోండి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (ఏబీసీ, విద్యార్థి క్రెడిట్లు దాచే డిజిటల్ ఖాతా) జమ అయిన క్రెడిట్లు ఏడేళ్ళు చెల్లుతాయి. 2024 నుంచి దూరవిద్యలో చేరడానికి ఏబీసీ ఐడీతో ముడిపెట్టిన డెబ్ (యూజీసీ దూరవిద్య బ్యూరో) ఐడీ తప్పనిసరి. చేరే రోజున చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో మరొకలా ఉంటే ఐడీ తయారు కాదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అడ్మిషన్లకు రెండు నెలల ముందే గ్రామ సచివాలయాల ద్వారా ఆధార్ సవరణల గురించి చెప్పించండి. అడ్మిషన్ చివరి వారంలో చెబితే ఆ ఏడాది పోయినట్టే.

సుగ్గి క్యాలెండర్

మీ ముసాయిదాకు ప్రాణం ఇక్కడ ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆలూరు వైపు మీకు తెలియనిది కాదు. పంట చేతికొచ్చాక సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకోతకు కొందరు, బెంగళూరుకు కొందరు. సంక్రాంతి నాటికి వీధికి వీధే తాళాలు పడి ఉంటుంది, ఉగాదికి మళ్ళీ మనుషులు కనపడతారు. రాష్ట్రస్థాయిలో ఎవరో డిసెంబర్ మూడో వారంలో పరీక్షలు, ఫిబ్రవరిలో తరగతులు అని క్యాలెండర్ వేస్తే, దూరవిద్య ఎవరికోసం పెట్టారో వాళ్ళే దానికి దూరమవుతారు. అప్పుడు నివేదికలో "విద్యార్థులకు ఆసక్తి లేదు" అని రాస్తారు. ఆ మాట రాయించే పరిస్థితి రానివ్వకండి.

నేను సూచించేది రెండు పరీక్షల కాలాలు: నవంబర్ మొదటి పక్షం, జూన్ మొదటి పక్షం. జూలై నుంచి నవంబర్ వరకు మనుషులు ఊళ్ళో ఉంటారు. విత్తనం, కలుపు, కోత పనులున్నా ఆదివారం రాగలరు. ఆ అర్ధ సంవత్సరంలో ఆదివారం తరగతులు పెట్టండి. రెండో సగంలో, డిసెంబర్ నుంచి మార్చి దాకా, పుస్తకం, ఆడియో, ఫోన్ మాత్రమే. ఉగాది దాటాక ఏప్రిల్ చివర, మే నెలల్లో తరగతులు, ప్రాక్టికల్స్ వరుసగా పెట్టి జూన్‌లో పరీక్ష. ఎండల వల్ల మే తరగతులు ఉదయం 7 నుంచి 11 వరకు, జూన్ పరీక్షలు 8 నుంచి 11 వరకు పెడితే నయం. అప్పుడు కాలేజీ గదులు, ల్యాబులు ఖాళీగా ఉంటాయి గనుక గొడవా ఉండదు.

ఎంత జాగ్రత్త పడ్డా కొందరు పరీక్ష వేళకు ఊళ్ళో ఉండరు. వాళ్ళు గుంటూరులోనో నరసరావుపేటలోనో పరీక్ష రాసుకునేలా కేంద్రం మార్చుకునే వీలు ఇవ్వాలి. హాల్ టికెట్ ముందు ఒక ఎస్సెమ్మెస్‌తో మార్పు అడిగితే చాలన్నట్టు ఉండాలి. పట్టా రాష్ట్రస్థాయి సంస్థ ఇవ్వాలన్నది ఇందుకే. ఒక జిల్లా విశ్వవిద్యాలయం పరిధిలో ఇది సాగదు.

వెనక్కి లెక్క

నవంబర్ రెండో వారం పరీక్ష అనుకుంటే, వెనక్కి ఇలా నడవండి. హాల్ టికెట్లు అక్టోబర్ 20. దిద్దిన అసైన్‌మెంట్లు విద్యార్థికి తిరిగి చేరాల్సింది అక్టోబర్ 15, వాళ్ళు ఇవ్వాల్సిన ఆఖరి తేదీ సెప్టెంబర్ 20. తరగతులు జూలై మూడో వారం నుంచి: ఐదు కోర్సులకు 12 గంటల చొప్పున 60 గంటలు, ఆదివారానికి 5 గంటలు, 12 ఆదివారాలు. వినాయక చవితి, దసరా లాంటివి కలుస్తాయి గనుక 15 ఆదివారాలు చేతిలో ఉంచుకోండి. పుస్తకం విద్యార్థి చేతిలో జూలై 10కి. సెంటర్‌కి జూన్ 20కి. ప్రెస్సుకి ఫైలు మే 1కి. కంపోజింగ్, మూడు ప్రూఫులకు రెండు నెలలు, అంటే మార్చి 1కి తుది ప్రతి. సంపాదకుడి చేతిలో రెండు నెలలు, జనవరి 1. రచనకు నాలుగు నెలలు. అంటే ఈ నవంబర్‌లో పరీక్ష రాయాలంటే పోయిన ఏడాది ఆగస్టు చివరికి రచయితలతో మొదటి సమావేశం జరిగి ఉండాలి. యూజీసీ దూరవిద్య బ్యూరోకి దరఖాస్తు పెట్టేటప్పటికే పాఠ్య సామగ్రి, కోర్సు ప్రాజెక్టు నివేదిక, దానికి విశ్వవిద్యాలయ పాలక మండళ్ళ ఆమోదం సిద్ధంగా ఉండాలి కాబట్టి మొదటి ఏడాది ఈ పనులు ఇంకా ముందే మొదలవ్వాలి.

ప్రణాళికల్లో అందరూ తక్కువగా వేసేది ఈ పుస్తకాల కాలమే. "మొదట అడ్మిషన్లు తీసుకుందాం, పుస్తకాలు తర్వాత పీడీఎఫ్ పెడదాం" అనుకుంటే, సెప్టెంబర్ దాకా పుస్తకం రాక, విద్యార్థి బజారులో గైడు కొనుక్కుని, ఆదివారం రావడం మానేస్తాడు. దూరవిద్యలో గురువు స్థానం పుస్తకానిది. అది ఆలస్యమైతే మాస్టారు రాని బడి లాంటిదే.

పుస్తకాల గురించి మరో రెండు మాటలు. ఒకటి, కంపోజింగ్ మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లో ఉండాలని టెండర్‌లోనే రాయండి. మన డీటీపీ సెంటర్లు చాలావరకు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి) చేస్తాయి. అచ్చుకు బాగానే ఉంటుంది. అదే ఫైలును ఫోన్లో వెతకాలన్నా, చూపు లేని విద్యార్థికి స్క్రీన్ రీడర్‌తో వినిపించాలన్నా, రెండేళ్ళ తర్వాత సవరించాలన్నా అడ్డం పడుతుంది. రెండు, భాష. కర్నూలు, కడప, ఆదోని, కదిరిలో ఉర్దూ మాధ్యమం, మడకశిర, రాయదుర్గం అంచున కన్నడం చదివినవాళ్ళు ఉన్నారు. అన్ని భాషల్లో పుస్తకాలు వేయడం మొదటి విడతలో కుదరదు. కనీసం ప్రతి యూనిట్ చివర పారిభాషిక పదాల పట్టిక ఇవ్వండి, అసైన్‌మెంటు, పరీక్ష తమ భాషలో రాసే వీలు ఇవ్వండి. ఉర్దూ వరకు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం సామగ్రి వాడుకోవడానికి అడగవచ్చు.

సెంటర్లు ఎక్కడ

ప్రతి కాలేజీలో ఒకటి అన్నది వినడానికి బాగుంటుంది. ఒక్కో చోట 30 మంది చేరితే సబ్జెక్టుకి నలుగురైదుగురే మిగులుతారు, కౌన్సిలర్ (ఆదివారం తరగతి చెప్పే అధ్యాపకుడు) రెండు వారాలు చూసి మానేస్తారు. ఒక సెంటర్ గౌరవంగా నడవాలంటే 300 మంది దాకా విద్యార్థులు ఉండాలని నా లెక్క. మొదటి విడతకు తొమ్మిది చాలు: కర్నూలు, ఆదోని, నంద్యాల, అనంతపురం, హిందూపురం, గుంతకల్లు, కడప, ప్రొద్దుటూరు, రాజంపేట. రెండో విడతలో కళ్యాణదుర్గం, కదిరి, ఆత్మకూరు, పులివెందుల, బద్వేలు చూడవచ్చు. ఆ కాలేజీలో అదే తరహా కోర్సులు రెగ్యులర్‌గా నడుస్తూ ఉండాలన్నది యూజీసీ షరతు, మరిచిపోకండి.

కిలోమీటర్లు చూడకండి, బస్సు చూడండి. కర్నూలు నుంచి ఆదోని వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది, అయినా బస్సుంది. నలభై కిలోమీటర్లలో ఉండి రెండు బస్సులు మారాల్సిన ఊళ్ళు అంతకన్నా దూరం. ఆర్టీసీ డిపో నుంచి ఆదివారం టైంటేబుల్ తెచ్చుకుని ప్రతి మండల కేంద్రానికీ రాసుకోండి: ఉదయం బయల్దేరి పదిలోపు సెంటర్‌కి చేరగలరా, సాయంత్రం ఆరులోపు ఇల్లు చేరగలరా? రెండింట్లో ఒకటి కాదంటే ఆ మండలం ఆ సెంటర్ కిందికి రాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆ బస్సులు తిరిగే దారుల్లో సెంటర్ పెడితే ఆడపిల్లల చేరికలో తేడా వస్తుంది. మరుగుదొడ్లకు ఆదివారం తాళం వేయకుండా చూడటం కూడా ప్రణాళికలో భాగమే, రాయండి.

బస్సు కుదరని మండలాల్లో జూనియర్ కాలేజీలో ఒక గది, వారం సంత రోజున తెరిచేలా పెట్టుకోవచ్చు. పుస్తకాలు ఇవ్వడం, అసైన్‌మెంట్లు తీసుకోవడం వరకే. దాన్ని స్టడీ సెంటర్ అని రాయకండి, అక్కడ ఫీజులు కట్టించుకోకండి, తరగతులు చెప్పించకండి. అలా చేస్తే అనుమతి లేని సెంటర్ అవుతుంది, మొత్తం గుర్తింపుకే ముప్పు.

ఆన్‌లైన్ మాటేమిటి

యూజీసీ దృష్టిలో ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య డిగ్రీ రెండు వేరు అనుమతులు. మీ ముసాయిదాలో రెండూ కలిపేయకండి. దూరవిద్యకు తోడుగా ఆన్‌లైన్ వాడుకోండి. స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సుల ద్వారా సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు తీసుకునే వీలుంది, దానితో రచన భారం కొంత తగ్గుతుంది.

పల్లెలో ఫోను ఉంటుంది, డేటా రోజుకింత అని కొలిచి ఉంటుంది, పైగా ఇంట్లో ఒకటే ఫోను. అరగంట పాఠం 32 కేబీపీఎస్ ఆడియోగా చేస్తే 7 ఎంబీ చిల్లర. అదే వీడియో అయితే వంద దాటుతుంది. బొమ్మ అవసరం లేని చరిత్ర, తెలుగు, రాజనీతి, వాణిజ్య సూత్రాలకు ఆడియో చేయండి. అకౌంట్స్, స్టాటిస్టిక్స్‌కి మాత్రం వీడియో. మిరప చేలో పనిచేస్తూ కూడా ఆడియో వినొచ్చు. సెంటర్‌లో మెమరీ కార్డులో ఎక్కించి ఇవ్వండి.

డబ్బు, పరీక్షలు, కనిపెట్టుకుని ఉండటం

ఫీజు డబ్బు విశ్వవిద్యాలయం సాధారణ ఖాతాలో కలిస్తే కౌన్సిలర్ల గౌరవ వేతనం ఏడాది తర్వాత వస్తుంది, తరగతులు ఆరు నెలలకే ఆగుతాయి. దూరవిద్యకు వేరే ఖాతా పెట్టండి. నేనైతే వందకి 30 పుస్తకాలకు, 30 సెంటర్‌కి, 20 పరీక్షలకు, 20 పాలనకు కేటాయిస్తాను. సెంటర్ వాటా ప్రతి మూడు నెలలకు నేరుగా ప్రిన్సిపాల్ ఖాతాకు వెళ్ళాలి. మొదటి సెట్టు పుస్తకాల రచన ఖర్చు మాత్రం ఫీజులో రాబట్టాలని చూడకండి, అది ప్రభుత్వం ఒకసారి పెట్టాల్సిన పెట్టుబడి.

మార్కుల్లో చివరి పరీక్షకు కనీసం 70 శాతం, అసైన్‌మెంట్లకు గరిష్ఠంగా 30. పరీక్ష హాల్లో సీసీటీవీ, బయోమెట్రిక్ ఉండాలి. కర్నూలు జవాబుపత్రాలు కడపలో, కడపవి అనంతపురంలో దిద్దించండి. ఫలితాలు 45 రోజులు దాటకూడదు. దాటితే తర్వాతి కోర్సుకు నమోదు చేసుకోవాలో లేదో తెలియక మంచి విద్యార్థులు కూడా జారిపోతారు.

చదువు మానేసేవాళ్ళు ఒక్కరోజులో మానేయరు. మొదటి గుర్తు మొదటి అసైన్‌మెంటు రాకపోవడం. ఆరో వారానికి అది ఇవ్వనివాళ్ళ జాబితా తీసి, 50 మందికి ఒక అధ్యాపకుడి చొప్పున ఫోన్ చేయించండి. ఎందుకు ఇవ్వలేదన్నది ఒక్క పదంలో రిజిస్టర్‌లో రాయాలి: పుస్తకం రాలేదు, అర్థం కాలేదు, పని, పెళ్ళి, ఊళ్ళో లేరు. ఆ రిజిస్టర్ మీకు ఏ సర్వేకన్నా నిజం చెబుతుంది. "పుస్తకం రాలేదు" అన్నది పదిమందిలో ఇద్దరు దాటితే తప్పు మనదే, విద్యార్థిది కాదు.

ఇంటర్ మధ్యలో ఆపినవాళ్ళు చాలామంది వచ్చి అడుగుతారు. వాళ్ళని వెనక్కి పంపేయకుండా ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ఇంటర్‌లో అక్కడికక్కడే చేర్పించే ఏర్పాటు సెంటర్‌లోనే ఉండాలి. రెండేళ్ళ తర్వాత మన డిగ్రీకి వచ్చేది వాళ్ళే.

మీరు ఈ నెలలో చేయాల్సింది

కమిటీ సమావేశానికి ముందు నాలుగు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఒకటి, అన్ని విశ్వవిద్యాలయాల నాక్ స్కోరు, గడువు పట్టిక. రెండు, మండలాల వారీగా ఆదివారం బస్సుల పట్టిక. మూడు, మండలానికి 20 మంది చొప్పున, ఇంటర్ పాసై చదువు ఆపినవాళ్ళను కలిసి అడిగిన జవాబులు: ఏ నెలల్లో ఊళ్ళో ఉంటారు, వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, ఫోను ఎవరిది, ఏ కోర్సు కావాలి, ఒకసారికి ఎంత కట్టగలరు. ఐదు ప్రశ్నలే, అంతకు మించితే నింపరు. యూజీసీకి ఇచ్చే కోర్సు ప్రాజెక్టు నివేదికలో "ఎవరికోసం ఈ కోర్సు" అన్న భాగం ఒకటుంటుంది, ఈ జవాబులు నేరుగా అందులోకి వెళ్తాయి. నాలుగు, పైన రాసిన వెనక్కి లెక్క, మీ తేదీలతో.

సర్వే దసరాలోపు ముగించండి. సంక్రాంతి తర్వాత వెళ్తే కోసిగిలో తలుపు తీసేవాళ్ళు ఉండరు, ఉన్నవాళ్ళనే అడిగి వస్తే క్యాలెండర్ మళ్ళీ తప్పుతుంది. బస్సుల పట్టిక వేశాక ఏ మండలం ఏ సెంటర్‌కీ అందకుండా మిగిలిందో ఇక్కడ రాయండి, దాన్ని విడిగా చూద్దాం.